గడప దగ్గర సత్తుగిన్నె

పోయిన నెల సత్తుపల్లిలో మా చెల్లెలి మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. మందిరంలో పెళ్ళి, పక్కనే ఫంక్షన్ హాల్లో భోజనాలు. ఇప్పటి భోజనాల సంగతి మీకు తెలిసిందే, ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకుని వరసలో నిలబడాలి. నా వయసుని చూసి ఎవరో ప్లాస్టిక్ కుర్చీ వేసి పళ్ళెం చేతికిచ్చారు. అందరూ సగం తినేశాక ఒక కుర్ర పాస్టరుగారికి ప్రార్థన సంగతి గుర్తొచ్చి మైకు అందుకున్నారు. నోట్లో బిర్యానీ ఉన్నవాళ్ళు నమలడం ఆపి కళ్ళు మూసుకున్నారు. ఆయన జాలిపడి నాలుగు ముక్కల్లో ముగించి ఆమేన్ అన్నారు. నేనూ ఆమేన్ అన్నాను. అని, నాకు తెలియకుండానే ఎడమ చెయ్యి కుర్చీ కిందికి జార్చి, అక్కడ ఉండాల్సిన వెచ్చటి వీపు కోసం తడిమాను. చేతికి ఎవరిదో చెప్పు తగిలింది. పక్కనున్న మా చెల్లెలు "ఏం పడింది అక్కా?" అని వంగి వెతకడం మొదలుపెట్టింది. నేను తడిమింది నా కుక్క కోసమని, అది పోయి ముప్ఫై ఏళ్ళు దాటిందని చెల్లెలికి ఎట్లా చెప్పను? "ఏం లేదులే, తిను" అన్నాను.

అప్పట్లో నేను ఏ.ఎన్.ఎం.ని, జనం నోట్లో నర్సమ్మని. టేకులపల్లి దాటి ఇంకా లోపలికి పోతే అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఊరు. ఓ బడి, ఓ ఆరోగ్య సబ్‌సెంటరు, పెంకుల కప్పుతో మందిరం, యాభై అరవై ఇళ్ళు, అంతే. అక్కడినుంచి గూడేలకు నడిచి వెళ్ళి సూదులు వేసి రావడం నా పని. మా ఆయన ఆ ఊరి బడికి హెడ్మాస్టరు. మనిషి చెడ్డవారని నేను అప్పుడూ ఎవరితో అనలేదు, ఇప్పుడూ అనను. తాగుడు లేదు, నా మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. ఊళ్ళో అందరూ నన్ను అదృష్టవంతురాలనేవారు. నేను ఏం అడిగినా ఆయన కాదనేవారు కూడా కాదు. "ప్రార్థన చేసి చెప్త" అనేవారు. వేంసూరులో మా అమ్మ దగ్గరికి రెండు రోజులు వెళ్ళొస్తానన్నా, పక్కింటి అక్కతో సంతకి పోతానన్నా అదే మాట. మర్నాడు పొద్దున వేపపుల్ల నములుతూ జవాబు చెప్పేవారు. పదకొండేళ్ళలో దేవుడు ఒక్కసారి కూడా నా పక్షాన మాట్లాడలేదు. రోడ్డు వైపు కిటికీకి మేకులు కొట్టించిందీ, నా పేర వచ్చిన ఉత్తరాలు ముందు ఆయన చదివిందీ, సాయంత్రం అయిదు దాటితే గూడెంలో కాన్పు సగంలో ఉన్నా నేను ఇంటికి రావలసిందీ, అన్నీ ప్రార్థనలో తేలిన సంగతులే. ఆయనతో వాదించవచ్చునేమో కానీ పైవాడితో ఎట్లా వాదిస్తాం?

అసలు ప్రార్థన భోజనం దగ్గర జరిగేది. మేమిద్దరమే, పిల్లలు లేరు. పీటలు వేసి, కంచాలు పెట్టి, వడ్డించి కళ్ళు మూసుకోవాలి. ఆయన అన్నానికి స్తోత్రం చెల్లించి, ఏలికలను, అధికారులను, బడి ఇన్‌స్పెక్టరును వరసగా దీవించి, చివరికి నా దగ్గరికి వచ్చేవారు. మామూలు మాట మనలాగే మాట్లాడే మనిషి ప్రార్థనలోకి రాగానే గ్రంథం అయిపోయేవారు. "ప్రభువా, ఈ దినమున నీ దాసురాలు పొరుగింటి అరుగుమీద కూర్చుండి వ్యర్థమైన మాటలలో గడిపినది. ఆమెకు బుద్ధి దయచేయుము. ఆమె గర్భము మూయబడిన కారణమును ఆమెకు తెలియజేయుము." అప్పటికి పప్పుచారు మీద పొర కట్టేది. చివర ఆయన ఆమేన్ అనేవారు, నేనూ అనాలి. ఆమేన్ అంటే అట్లే జరుగును గాక అని. నా మీద వేసిన నేరాల కింద రోజుకి రెండు పూటలా నా సంతకమన్నమాట. ఎదురు చెప్పడం చేతకాక, నాకు మిగిలిన ఒకే ఒక్క తిరుగుబాటు చేసేదాన్ని. ఆ ఆమేన్‌ని పెదవులతోనే అనేదాన్ని, గొంతుతో అనేదాన్ని కాదు. ఇంట్లో నా గొంతు అట్లా అట్లా సన్నబడిపోయింది.

కుక్క సంగతికి వస్తాను. గూడెంలో ఒక ముసలామె తన మనవరాలి కాన్పు చేసినందుకు నా సంచిలో పెట్టి పంపింది, వద్దన్నా వినలేదు. గోధుమరంగు ఊరకుక్క పిల్ల, ఒక చెవి నిలబడేది, ఒకటి వాలేది. ఆయన ప్రార్థన చేసి, కాపలాకి పనికొస్తుందని ఒప్పుకున్నారు, పేరు మాత్రం పెట్టకూడదన్నారు. జంతువుకి పేరు పెడితే మనిషితో సమానం చేసినట్టట. గడప లోపలికి రాకూడదు. భోజనం మధ్యలో నేను లేవకూడదు కనుక, మేము కూర్చునే ముందే పెరటి గడప అవతల ఒక సత్తుగిన్నెలో దానికి అన్నం పెట్టేదాన్ని. చిన్నతనంలో ఒకసారి అది ప్రార్థన మధ్యలో చప్పుడు చేస్తూ తింటే ఆయన లేచి వెళ్ళి బెత్తంతో ఒక్కటిచ్చారు. మళ్ళీ ఎప్పుడూ చప్పుడు వినపడలేదు. అది ఎప్పుడు తినేదో, ఎట్లా తినేదో నేను చూడలేదు. ఎందుకు చూడలేదంటే, కళ్ళు మూసుకుని ఉండేదాన్ని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఒక చలికాలం వేంసూరు నుంచి మనిషి వచ్చాడు, మా అమ్మకి బాగా లేదు, చివరి చూపు చూసిపొమ్మని. ఆయన "ప్రార్థన చేసి బయల్దేరుదాం" అన్నారు. ఆ ప్రార్థన అయ్యేసరికి బస్సు వెళ్ళిపోయింది. మర్నాటి బస్సుకి వెళ్తే అమ్మని అప్పటికే సమాధి చేసి వస్తున్నారు. ఆ మట్టి ఇంకా తడిగా ఉంది. ఏడిస్తే విశ్వాసం తక్కువైనట్టని ఆయన నా మోచెయ్యి పట్టుకుని నిలబడ్డారు. నేను ఏడవలేదు. అట్లా మింగినది లోపల ఎక్కడ దాక్కుంటుందో ఇన్నేళ్ళు నర్సు పని చేసినా నాకు తెలియదు.

ఆ తర్వాత రెండేళ్ళకి, వానల్లో, ఆయనకి చలిజ్వరం వచ్చింది. అడవి పక్క ఊళ్ళలో ఆ రోజుల్లో మలేరియా ఇంటి మనిషి లాంటిది. మాత్రలు ఇచ్చాను. రెండో రోజుకి మాట తడబడింది. జ్వరం తలకెక్కుతోందని నాకు అర్థమైంది, కొత్తగూడెం దవాఖానాకి పోదామన్నాను. ఆ మగతలో కూడా ఆయన అన్న మాట "ప్రార్థన చేసి చెప్త." ఆయన చెప్పేదాకా నేను ఆగాను. ఆగకూడదు. సూది మందు చేతిలో ఉన్న మనిషిని, ఎన్ని గూడేల్లో ఎంతమంది మొగవాళ్ళని కసిరి ఎడ్లబండి ఎక్కించానో, నా ఇంట్లో నేను ఒక రోజంతా అనుమతి కోసం ఆగాను. మర్నాడు పక్కింటి అక్క గొడవ చేసి జీపు పిలిపిస్తే, దారిలోనే పోయారు. ఈ సంగతి నేను చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఒక్క కుక్కకి తప్ప.

ఇల్లంతా చుట్టాలు, వాళ్ళ భోజనాలూ ప్రార్థనలూ అన్నీ ముందు వాకిట్లోనే. ఖమ్మం నుంచి మా బావగారు, అంటే ఆయన అన్నగారు, దిగి అన్నీ చేతిలోకి తీసుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఆయన లేనందుకు బాధ లేదంటే అబద్ధం. బాధ, భయం, తప్పు చేశానన్న బరువు, మరోపక్క భుజాల మీదనుంచి ఏదో దించినట్టు ఒక సిగ్గుమాలిన తేలిక, అన్నీ ఒకదానికొకటి అడ్డుపడి కంటిదాకా ఏదీ రాలేదు. వచ్చినవాళ్ళు నా కళ్ళు చూసి గుసగుసలాడుకున్నారు. దానికి తోడు కుక్క తిండి మానేసింది. ఎవరు అన్నం పెట్టినా ముట్టదు, గిన్నె ముందు కూర్చుని లోపలికి చూస్తుంది. ఇంకేం, అది ఊళ్ళో పెద్ద సంగతి అయింది. కొంతమంది దాన్ని చూడడానికే వచ్చారు. "నోరులేని జీవి, సారు మీద ఎంత ప్రేమనో సూడు, మెతుకు ముడుతలేదు. పెండ్లాం మాత్రం టీ తాగుతాంది" అని నా వెనకే ఒకావిడ అన్నది. నా చేతిలో టీ గ్లాసు ఉన్నమాట నిజమే. దాన్ని ఎక్కడ దాచాలో తెలియలేదు.

అయిదో రోజుకి చుట్టాలు చాలావరకు వెళ్ళిపోయారు. వెళ్ళబోయే ముందు బావగారు నన్ను పిలిచి చెప్పారు. "మేం ప్రార్థనల పెట్టినం అమ్మాయ్. దేవుడు సాఫ్ చెప్పిండు. నువ్వు ఈ అడవిల ఒక్కదానివి ఉండొద్దు. నలభయ్యో దినం కూటం కాంగనే మా యింటికి రావాలె. నౌకరి సంగతి నేన్ జూస్త. ఆ కుక్కను ఎవరికన్న ఇచ్చెయ్యి." నేను తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చిన విద్య.

ఆ మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే. పెంకుల మీద వాన, వెనక టేకాకుల మీద వాన, రెండు రకాల చప్పుళ్ళు. అలవాటుగా ముందు గడప అవతల సత్తుగిన్నెలో అన్నం పెట్టి, నా కంచం ముందు కూర్చున్నాను. ప్రార్థన చేసే మనిషి లేరు. అందుకని కళ్ళు మూయలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో అన్నం ముందు కళ్ళు తెరుచుకుని కూర్చున్నాను, మొదటిసారి కుక్కని చూశాను. వెన్ను నిటారుగా పెట్టి, ముందుకాళ్ళు గిన్నెకి ఆనించి కూర్చుంది. పక్కటెముకలు తేలాయి. చూపు అన్నం మీద లేదు, ఆయన ఖాళీ పీట మీద ఉంది. నోటికి రెండు వైపులా జొల్లు తీగలు సాగి గడప మీద పడుతోంది. దుఃఖంలో ఉన్న ప్రాణికి నోరు ఎండిపోతుంది, నాకు తెలుసు, ఎన్ని చావు ఇళ్ళు చూశాను. ఇది దుఃఖం కాదు, ఆకలి. ఇది దేనికోసమో ఆగుతోంది. ఎందుకోసమో నాకు తట్టింది. నేను కూడా అట్లాగే కదా కూర్చునేదాన్ని.

"ఆమేన్" అన్నాను. పెదవులతో. కుక్క చెవి కదిపింది, అంతే. మళ్ళీ అన్నాను. గొంతు రాలేదు. మూడోసారి దగ్గి, గొంతు సవరించుకుని, ఇల్లంతా వినపడేలా "ఆమేన్" అన్నాను. అది మూతి గిన్నెలో ముంచింది. గిన్నె గచ్చు మీద గరగరా జరుగుతూ గోడదాకా వెళ్ళింది. నాకు నవ్వు వచ్చింది. భర్త పోయి అయిదు రోజులు కాని ఇంట్లో, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరిపోయేలా నవ్వాను. ఆ చప్పుడుకి పక్కింటి అక్క వానలో పరిగెత్తుకొచ్చి వెనకనుంచి నన్ను పట్టుకుంది. "ఏడువు చెల్లె, ఏడిస్తెనే దిగుతది" అని తనే భోరుమంది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది, నర్సమ్మ ఇప్పటికి ఏడ్చిందట, అది చూసి కుక్క కూడా అన్నం తిన్నదట. నేను దిద్దలేదు.

అట్లా రోజుకి రెండు పూటలా ప్రార్థన నా నెత్తిన పడింది. మొదట ఉత్త ఆమేన్ మాత్రమే అనేదాన్ని. తలా తోకా లేని ఆమేన్ బాగుండలేదని, ముందు ఒక మాట చేర్చాను, "ప్రభువా, అన్నానికి స్తోత్రం." ఇంకో వారానికి గ్రంథపు మాటలు మానేసి మామూలుగా మాట్లాడ్డం మొదలైంది. ఒకరోజు వంకాయ కూర ముందు కూర్చుని, అది మా అమ్మ వండినట్టు కుదిరిందని చెప్పబోయి, అమ్మ అనే మాట దగ్గర ఆగిపోయాను. రెండేళ్ళనాటి తడిమట్టి కళ్ళముందుకొచ్చింది. ఆ రోజు ఏడ్చాను. అమ్మ కోసం, ఆ బస్సు కోసం, ఆ తర్వాత ఆయన కోసం కూడా. జీపు ముందురోజు పిలవనందుకు గట్టిగా, నోరు తెరిచి ఆయన్ని క్షమాపణ అడిగాను. ఎంతసేపో తెలియదు. తేరుకుని చూస్తే కుక్క ఇంకా గిన్నె ముందే ఉంది, గడప జొల్లుతో తడిసిపోయింది. నేను ఆమేన్ అనడం మర్చిపోయాను. మా ఆయన తన జన్మలో అంత పొడుగు ప్రార్థన చేయలేదు. నా ఏడుపంతా పూర్తిగా వింటూ, తొందర పెట్టకుండా, బుద్ధి చెప్పకుండా కూర్చున్నది ఈ లోకంలో అదొక్కటే. ఆ పూట దాన్ని గడప లోపలికి పిలిచాను. అది రాలేదు. నేనే గిన్నె తెచ్చి నా పీట పక్కన పెట్టాక, ఆ గడప ఏదో ఏరు అయినట్టు ఒక్కొక్క కాలే వేసి దాటింది.

గూడేలకు వెంట వచ్చేది. టీకాల డబ్బా భుజాన వేసుకుని నేను, పది అడుగుల ముందు అది. వాగు దగ్గర ఆగి, లోతు తానే చూసుకుని, నా వైపు తిరిగేది. ఎవరితోనూ మాట్లాడే పని లేకుండా మైళ్ళకి మైళ్ళు నడిచేవాళ్ళం. ఒంటరితనం తగ్గిందని చెప్పను, అడవిలో అది ఇంకా పెద్దదవుతుంది. కానీ దాన్ని చూసి భయపడటం మానేశాను. అయిదు దాటేది, ఆరు దాటేది, కాన్పు అయ్యేదాకా ఉండేదాన్ని. ఈ మధ్యలో మందిరం పాస్టరు, అందరికీ అయ్యగారు, ఒకసారి పలకరించడానికి వచ్చి మా ఇంట్లో భోంచేశారు. పెద్దవయసు మనిషి, మృదువుగా మాట్లాడేవారు. ఆయన ప్రార్థన చేసి ఆమేన్ అన్నారు. కుక్క కదల్లేదు, నా మొహం చూసింది. నేను అన్నాకే తిన్నది. నెల తిరగకుండానే దానికి ఆమేన్ అంటే నా గొంతే అయిపోయింది. అయ్యగారు అది గమనించి, "ఈ సంఘానికి నువ్వే కాపరివి అమ్మా" అని నవ్వారు.

నలభయ్యో దినం రానే వచ్చింది. పెరట్లో పందిరి వేసి, చాపలు పరిచి, విస్తళ్ళు వేశారు. బావగారు ముందురోజే వచ్చి నా ట్రంకుపెట్టె సర్దించి వాకిట్లో పెట్టించారు. కుక్కని తమకిమ్మని అడగడానికి ఎవరో వచ్చి కూడా వెళ్ళారు. ఆయన జ్ఞాపకార్థ కూటం అయ్యి, వడ్డనలు అయ్యాక, భోజనానికి బావగారే ప్రార్థన ఎత్తుకున్నారు. గొంతు అచ్చం ఆయనదే. ఆ గ్రంథపు మాటలు వినగానే నా వీపు దానంతటదే వంగింది. "ప్రభువా, నీ చిత్తప్రకారము ఈ దాసురాలు నేటినుండి మా గృహమున, మా అదుపాజ్ఞలలో బ్రతుకునట్లు సిద్ధపరచితివి. ఆమె మనస్సును లోబరచుము." ఆమేన్, అన్నారు. పందిరి అంతా ఆమేన్ అన్నది. నేను అనలేదు. అనకూడదని ముందే అనుకున్నదేం కాదు. కళ్ళు తెరుచుకుని ఉన్నాను, కుక్కని చూస్తున్నాను. మాంసం కూర కలిపిన గిన్నె ముందు అది వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. అంత పెద్ద ఆమేన్ నెత్తి మీదుగా పోయినా మూతి దించలేదు. నా మొహంలోకే చూస్తోంది.

జనం అటు చూశారు. "ఇదేంది, తింటలేదు" అన్నారెవరో. అయ్యగారు విస్తరి ముందు చెయ్యి ఆపి, "మా నర్సమ్మ ఆమేన్ అనలేదు కదా" అన్నారు, ఎంతో మామూలుగా. బావగారు నా వైపు తిరిగి, "అను అమ్మాయ్, అందరు ఆకలితోటున్నరు" అన్నారు. అంటే అయిపోతుంది. అట్లే జరుగును గాక. "మీరన్నది దీనికి ఆమేన్ కాదు బావగారు" అన్నాను. "నేను గూడ ప్రార్థన చేసిన. నాకు ఇంకో తీరు చెప్పిండు." నేను కళ్ళు మూసుకోకుండానే, కుక్క మొహంలోకి చూస్తూ, పెద్దగా అన్నాను. "ప్రభువా, అన్నానికి స్తోత్రం. నేను ఈడనే ఉంట. కుక్క గూడ ఈడనే ఉంటది. ఆమేన్." గిన్నె గరగరా జరిగింది. అయ్యగారు "ఆమేన్" అని మొదటి ముద్ద ఎత్తి, "ప్రార్థన అయింది, ఇగ తిందాం" అన్నారు. పక్కింటి అక్కకి మా మతంతో సంబంధం లేదు, అయినా వడ్డన గరిటె చేత్తో పట్టుకునే గట్టిగా ఆమేన్ అన్నది. బావగారు విస్తరి ముందునుంచి లేచి వెళ్ళిపోయారు. సాయంత్రం బస్సుకి ట్రంకుపెట్టె లేకుండానే వెళ్ళారు. నాతో మళ్ళీ మాట్లాడటానికి ఆయనకి చాలా ఏళ్ళు పట్టింది.

మర్నాడు రోడ్డు వైపు కిటికీ మేకులు పీకాను. కుక్క ముందుకాళ్ళు చట్రం మీద పెట్టి వచ్చేపోయేవాళ్ళని చూసింది, నేనూ దాని పక్కన నిలబడి చూశాను. పేరు మాత్రం పెట్టలేదు, పిలవాల్సినంత దూరం అది ఎప్పుడూ వెళ్ళలేదు. మరో తొమ్మిదేళ్ళు ఉంది. చివరి రోజుల్లో చెవులు పోయాయి, ఆమేన్ వినపడేది కాదు. అందుకని వీపు మీద చెయ్యి వేసి అనేదాన్ని, చెయ్యి తగలగానే తినేది. అది పోయిన రోజు పెరట్లో పూడ్చిపెట్టి వచ్చి, అన్నం ముందు కూర్చుని, గట్టిగానే ఆమేన్ అన్నాను. చెయ్యి వేయడానికి పక్కన ఎవరూ లేరు. ఇప్పటికీ అన్నాక కాసేపు ఆగుతాను, సత్తుగిన్నె జరిగిన చప్పుడు ముందు రావాలి కదా. ఆయన ప్రార్థనల పదకొండేళ్ళు ఎంత పొడుగో ఇప్పటికీ ఏ రోజుకారోజు లెక్క చెప్పగలను, కుక్కతో గడిచిన తొమ్మిదేళ్ళు మాత్రం ఒక్క ఆమేన్ అన్నంతలో అయిపోయాయి.